యోకోఅమిచో స్మారక మందిరం, టోక్యో

జపాన్ రాజధాని టోక్యోలో సుమిదా నదికి తూర్పు ఒడ్డున, యోకోఅమిచో పార్కులో ఉన్న స్మారక మందిరం ఇది. 1923 సెప్టెంబరు 1 నాటి కాంటో మహాభూకంపంలో చనిపోయినవారి కోసం 1930లో దీన్ని కట్టారు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో అమెరికా విమానాలు కురిపించిన నిప్పుబాంబులకు మాడిపోయిన టోక్యో పౌరుల అస్థికలను కూడా యుద్ధం ముగిశాక ఇక్కడికే చేర్చారు. 1951లో పేరు మార్చి టోక్యో మహానగర స్మారక మందిరం అన్నారు. మందిరం వెనక ఉన్న మూడంతస్తుల గోపురంలో సుమారు 1,63,000 మంది అస్థికలున్నాయి. వాటిలో భూకంప మృతులవి 58 వేల దాకా, వైమానిక దాడుల మృతులవి 1,05,000 దాకా ఉంటాయి.

ఈ లెక్కలోనే ఒక విడ్డూరం ఉంది. మందిరం భూకంపం పేరు మీద వెలిసింది, అందులో ఎక్కువమంది మాత్రం బాంబుదాడుల్లో పోయినవాళ్లు. 1945 మార్చి 10 తెల్లవారుజామున జరిగిన దాడిలో లక్షమంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. అణుబాంబులను పక్కన పెడితే ఒక్క రాత్రిలో ఇంతమందిని చంపిన వైమానిక దాడి ప్రపంచంలో మరొకటి లేదు. అయినా ఆ మృతుల కోసమే కట్టిన పెద్ద స్మారక భవనమేదీ టోక్యోలో లేదు. డెబ్బై ఏళ్లకు పైగా వాళ్లు ఇంకొకరి ఇంట్లో అద్దెకున్నట్టే ఉన్నారు. ఈ ఏర్పాటు ఎలా వచ్చింది, ఎందుకు అలాగే నిలిచిపోయింది అన్నదే ఈ మందిరం చరిత్రలో ముఖ్యమైన భాగం.

స్థలం

ఇప్పుడు పార్కు ఉన్నచోట ఒకప్పుడు సైన్యానికి దుస్తులు కుట్టించి నిలవచేసే డిపో ఉండేది. డిపోను వేరేచోటికి తరలించాక ఖాళీ స్థలాన్ని 1922లో టోక్యో నగరపాలక సంస్థ కొన్నది. పార్కు పనులు సాగుతుండగానే భూకంపం వచ్చింది. మధ్యాహ్నం 12 గంటలకు రెండు నిమిషాల ముందు, ఇంటింటా పొయ్యిలు వెలుగుతున్న వేళ భూమి కంపించింది. కూలిన చెక్క ఇళ్లకు నిప్పంటుకుంది. చుట్టుపక్కల హోంజో వాడలవాళ్లు పరుపులు, బండెడు సామాన్లతో ఈ ఖాళీ జాగాలోకి పరుగెత్తారు. ఇంత విశాలమైన చోటికి మంట రాదనుకున్నారు. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో మంటలు సుడిగాలిలా లేచి మీద పడ్డాయి. జనం వెంట తెచ్చుకున్న సామాన్లే వంటచెరకయ్యాయి. ఈ ఒక్కచోటే సుమారు 38 వేలమంది చనిపోయారు. శవాలను అక్కడే కాల్చారు, బూడిదను అక్కడే పోగుచేశారు. స్మారక మందిరానికి వేరే చోటు వెతకాల్సిన అవసరం రాలేదు.

అగ్నిప్రమాదాల మృతులను సామూహికంగా తలుచుకోవడం ఈ వాడకు అంతకుముందే అలవాటు. 1657లో ఎదో నగరాన్ని, అంటే నాటి టోక్యోను, బూడిద చేసిన మహాగ్నిలో పోయిన అనాథ శవాల కోసం కట్టిన ఎకోయిన్ ఆలయం దగ్గర్లోనే ఉంది. తమవాళ్లంటూ కర్మ చేసేవాళ్లు లేని మృతులకు ఊరంతా కలిసి కర్మ చేయడం అక్కడి ఆచారం. యోకోఅమిచోలో చేసింది కూడా ఆ కోవలోదే, కాకపోతే ఈసారి ఖర్చు నగరపాలక సంస్థ, చందాదారులు పెట్టుకున్నారు.

కట్టడం

మొదట నమూనాల కోసం పోటీ పెట్టారు. గెలిచిన నమూనా పాశ్చాత్య పద్ధతిలో ఉన్న స్తంభంలాంటి కట్టడం. ఇది మన మృతులకు తగదని బౌద్ధ సంఘాలు గొడవ చేశాయి. చివరికి పనిని ఇతో చూతా అనే వాస్తుశిల్పికి అప్పగించారు. ఆసియా కట్టడాల చరిత్రను జపాన్‌లో శాస్త్రంగా నిలబెట్టినవారిలో ఆయన ఒకరు. 1902 నుంచి మూడేళ్లు చైనా, భారత్, తుర్కియే దేశాల్లో తిరిగి ఆలయాలను గీసుకున్నారు. టోక్యోలోనే ఆయన కట్టిన సుకిజి హోంగాన్‌జీ ఆలయం ముందుభాగం చూస్తే మన పడమటి కనుమల గుహాలయాల చైత్య కిటికీలు గుర్తుకొస్తాయి.

యోకోఅమిచో మందిరం బయటికి బౌద్ధాలయంలా కనిపిస్తుంది. వాలు కప్పు, వంపు తిరిగిన చూరు, వెనక 41 మీటర్ల గోపురం. అంతా కాంక్రీటే. మరోసారి కాలకూడదన్నది కట్టినవాళ్ల పట్టుదల. లోపలికి వెళితే మాత్రం చర్చిలోకి అడుగుపెట్టినట్టుంటుంది. పొడవాటి హాలు, రెండు వైపులా స్తంభాల వరుసలు, చివర్న వేదిక. గోడల పైభాగాన వరుసగా పెద్ద చిత్రాలున్నాయి. భూకంపానివి తైలవర్ణ చిత్రాలు, బాంబుదాడివి నలుపు తెలుపు ఛాయాచిత్రాలు. వేదిక మీద నిలువెత్తు నామఫలకాలు రెండు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒకటి భూకంపంలో పోయినవారి ఆత్మలకు, రెండోది నగరంలో యుద్ధ ఆపదలో పోయినవారి ఆత్మలకు. రెంటి ఎత్తూ, చెక్కుడూ, ముందు పెట్టే పూలూ ఒకే తీరు. ప్రకృతి చంపినవారికీ మనుషులు ఎంచుకుని చంపినవారికీ ఇక్కడ తేడా చూపించలేదు. మృతుల పట్ల ఇది సమభావమే. ఆ సమభావం వల్ల ఎవరు చంపారు, ఎందుకు చంపారు అనే ప్రశ్నలు కూడా గుడి బయటే ఉండిపోయాయి.

1945 మార్చి 10

భూకంపంలో టోక్యో ఎలా కాలిందో అమెరికా సైనిక విశ్లేషకులు యుద్ధానికి ముందు నుంచీ గమనించారు. కాగితం, చెక్క, తడకలతో కట్టిన ఇళ్లు కిక్కిరిసిన నగరానికి పేలుడు బాంబుల కంటే నిప్పే తేలికైన ఆయుధమని వాళ్లకు అర్థమైంది. 1943లో యూటా రాష్ట్రంలోని డగ్వే పరీక్షాస్థలంలో జపాను కార్మికుల ఇళ్ల నమూనాలు కట్టి, లోపల తతామి చాపలు సైతం పరిచి, వాటిని కాల్చి చూశారు. ఆ ఇళ్ల రూపకల్పనలో సాయపడిన ఆంటోనిన్ రేమండ్ అంతకుముందు ఎన్నో ఏళ్లు టోక్యోలోనే ఇళ్లు కట్టిన వాస్తుశిల్పి. అక్కడ పరీక్షకు నిలిచిన ఎం-69 బాంబులో నాపామ్ ఉండేది. పేలగానే జిగురులా అంటుకుని మండే జెల్లీ అది. ఇలాంటి 38 చిన్న బాంబులను ఒక కట్టగా కట్టి విమానం నుంచి వదిలేవారు. కట్ట గాలిలో విడిపోయి కప్పుల మీద చెదిరిపడేది.

1945 జనవరిలో మరియానా దీవుల్లోని బాంబర్ దళానికి కర్టిస్ లెమే అధిపతిగా వచ్చాడు. అంతవరకు ఆ దళంలోని బీ-29 బాంబర్లు పగటిపూట చాలా ఎత్తు నుంచి కర్మాగారాల మీద బాంబులు వేసేవి. గాలి ఉరవడికి గురి తప్పేవి. లెమే పద్ధతి మార్చాడు. రాత్రిపూట, 1,500 నుంచి 2,800 మీటర్ల ఎత్తులో, ఒక్కో విమానం విడివిడిగా వెళ్లాలి. తుపాకులు చాలావరకు పీకేసి ఆ బరువుకు బదులు నిప్పుబాంబులు నింపాలి. మార్చి 9 సాయంత్రం 334 విమానాలు గ్వామ్, సైపాన్, తినియన్ దీవుల నుంచి లేచాయి. 279 విమానాలు లక్ష్యం చేరి 1,665 టన్నుల బాంబులు వదిలాయి. కర్మాగారం మీద గురిపెట్టిన దాడి కాదిది. అసాకుసా, హోంజో, ఫుకగావా, నిహోంబాషి వాడలనే లక్ష్యంగా గీశారు. నగరంలో అందరికంటే ఇరుగ్గా బతికే కూలీలు, చేతిపనులవాళ్లు, చిన్న దుకాణదార్లు ఉండే పల్లపు వాడలవి. ఇంటింటా ఆయుధాల విడిభాగాలు తయారవుతున్నాయన్నది అమెరికా చెప్పిన కారణం. కొంత నిజమే, కానీ బాంబులు పనిశాలలను, ఉయ్యాలలను వేరుచేసి చూడవు.

రాత్రి పదిన్నరకు ముందస్తు హెచ్చరిక మోగింది. కాసేపటికి విమానాలు వెనుదిరిగాయని ప్రకటించారు. జనం మళ్లీ పడుకున్నారు. 12 గంటల 8 నిమిషాలకు ఫుకగావాలో తొలి బాంబులు పడ్డాయి. దాడి సైరన్ మోగింది 12.15కు. అప్పటికే ఏడు నిమిషాలు మంటలు లేస్తున్నాయి. వాయవ్యం నుంచి వీస్తున్న బలమైన గాలి ఒక వాడ మంటను మరో వాడకు నెట్టింది. రెండున్నర గంటల దాడిలో 41 చదరపు కిలోమీటర్లు బూడిదయ్యాయి.

ఇంతమంది పోవడానికి మంటల ఉరవడి ఒక్కటే కారణం కాదు. 1937 నాటి వైమానిక రక్షణ చట్టాన్ని 1941లో సవరించి, ఊరు వదిలి పోకుండా ఆపే అధికారం ప్రభుత్వం తీసుకుంది. మంట అంటుకుంటే పారిపోకుండా ఆర్పడం పౌరుల విధి అని రాసిపెట్టారు. వీధి వీధిన ఇరుగుపొరుగు దండుల్ని కట్టి బకెట్లు చేతులు మారుస్తూ నీళ్లు పోయడం, కర్రకు కట్టిన తాళ్ల చీపుళ్లతో నిప్పురవ్వలు కొట్టడం నేర్పారు. ఆ రాత్రి చాలామంది ఆ మాట నమ్మి పారిపోగల చివరి నిమిషాలను బకెట్లతో గడిపారు. రక్షణ కోసం తలకు కట్టుకున్న దూది కుళ్లాయిల మీద నిప్పురవ్వలు పడి జుట్టు అంటుకుంది. మరో దురదృష్టం, పల్లెలకు తరలించిన పిల్లల్లో ఆరో తరగతివాళ్లు బడి ముగింపు ఉత్సవానికని ఆ రోజుల్లోనే నగరానికి తిరిగొచ్చారు.

కొతొతొయి వంతెన దగ్గర అసాకుసా వైపు నుంచి హోంజోకు, హోంజో వైపు నుంచి అసాకుసాకు జనం పరుగెత్తారు. రెండు గుంపులూ నడిమధ్య ఎదురుపడి కదల్లేక నిలిచిపోయాయి. మంట నదిని దాటి వంతెన మీదికి వచ్చింది. కింద నీళ్లలోకి దూకినవారిలో చాలామందిని మార్చి చలి చంపింది. తర్వాతి కాలంలో వంతెనను బాగుచేసినప్పుడు తీసిన పాత అంచురాళ్లు కొన్నింటిని పక్కన సుమిదా పార్కులో ఉంచారు.

పోలీసుల లెక్క ప్రకారం మృతులు 83,793, గాయపడ్డవారు 40,918, ఇల్లు కోల్పోయినవారు 10 లక్షలకు పైన, కాలిన ఇళ్లు 2,67,171. శవం దొరకని కుటుంబాలు, మొత్తంగా తుడిచిపెట్టుకుపోయిన కుటుంబాలు ఈ లెక్కలో లేవు. అందుకే లక్ష అనే అంచనా వాడుకలోకి వచ్చింది. అమెరికా 14 విమానాలు కోల్పోయింది. మార్చి 18న హిరోహితో చక్రవర్తి కాలిన వాడల్ని చూశాడు. యుద్ధం మాత్రం మరో ఐదు నెలలు సాగింది, లెమే విమానాలు అరవైకి పైగా నగరాల్ని ఇదే పద్ధతిలో కాల్చాయి. యోకోఅమిచో మందిరం చుట్టూ ఉన్న హోంజో నేలమట్టమైంది. కాంక్రీటు మందిరం నిలిచింది.

ఆ రాత్రి రూపం ఈనాటికి తెలియడానికి ఒక పోలీసు ఫోటోగ్రాఫర్ కారణం. టోక్యో పోలీసు శాఖలో పనిచేసే ఇషికవా కోయో మంటల్లో తిరుగుతూ, మర్నాడు శవాల మధ్య తిరుగుతూ తీసినవి ముప్పై పైచిలుకు ఫోటోలు. వాటిలో ఒక దాంట్లో బొగ్గయిన తల్లి శరీరం, పక్కనే బిడ్డ. తల్లి వీపు మాత్రం తెల్లగా ఉంది. బిడ్డను అక్కడ మోసింది కాబట్టి అంతమేర మంట తాకలేదు. ఓటమి తర్వాత వచ్చిన అమెరికా ఆక్రమణ అధికారులు నెగటివ్‌లు అడుగుతారని తెలిసి ఇషికవా వాటిని ఇంటి పెరట్లో పాతిపెట్టాడు. మందిరం గోడల మీద ఉన్నవి ఆ ఫోటోలే.

శవాల నుంచి అస్థికల దాకా

ఇన్ని శవాలను దహనం చేసే స్థోమత నగరానికి లేదు. సైనికులు, ఖైదీలు, ఊరివాళ్లు కలిసి పార్కుల్లో, గుడి ఆవరణల్లో పెద్ద గోతులు తవ్వి పూడ్చారు. ఉయెనో పార్కు, సుమిదా పార్కు, కిన్షి పార్కు ఇలాంటి చోట్లే. కిన్షి పార్కు ఒక్కదాంట్లోనే 13 వేల దాకా పూడ్చారు. ఇప్పుడక్కడ పిల్లలు బేస్‌బాల్ ఆడతారు. 1948 నుంచి 1951 దాకా ఆ గోతులన్నీ తవ్వి, అవశేషాలను దహనం చేసి, అస్థికలను యోకోఅమిచో గోపురంలోకి తెచ్చారు. పేరు తెలిసినవి కొన్ని వేలే. మిగతావి కలగలిసిన ఎముకల బూడిద. పెద్ద పెద్ద కూజాలలో పోసి అరల్లో పేర్చారు.

అప్పట్లో కొత్త స్మారకం ఎందుకు కట్టలేదన్న దానికి కారణాలు ఒకటికి నాలుగు. నగరం దగ్గర డబ్బు లేదు. ఆక్రమణ అధికారుల సెన్సారు కింద అమెరికా దాడుల్ని వేలెత్తి చూపే మాట బహిరంగంగా అనడం కుదరదు. 1947 రాజ్యాంగం ప్రభుత్వం మతకార్యాలు చేయడాన్ని నిషేధించింది. కాబట్టి నగరపాలక సంస్థ ముందుకు రాకుండా ఒక ప్రత్యేక సంస్థ చేతికి మందిరం, కర్మలు అప్పగించారు. అన్నిటికంటే పెద్ద కారణం, కట్టి పెట్టిన మందిరం ఒకటి సిద్ధంగా ఉంది. సర్దుకుంటే సరిపోతుందనుకున్నారు, సర్దుకున్నారు. ఏటా సెప్టెంబరు 1న భూకంప మృతులకు, మార్చి 10న దాడుల మృతులకు బౌద్ధ భిక్షువులు ఇక్కడ ప్రార్థన చేస్తారు. రాజకుటుంబం నుంచి ఎవరో ఒకరు వస్తారు.

ఇక్కడ మరో సంగతి చెప్పుకోవాలి. 1964 డిసెంబరులో జపాన్ ప్రభుత్వం కర్టిస్ లెమేకు ఉదయభాను పతకంలో పెద్ద శ్రేణి బిరుదు ఇచ్చింది. జపాన్ కొత్త వాయుసేన నిర్మాణంలో చేసిన సాయానికి కృతజ్ఞత అని చెప్పారు. బతికున్న బాధితులకు ఇది ఎలా తగిలిందో ఊహించుకోవచ్చు.

రాయడం మొదలైంది

1950, 60లలో హిరోషిమా, నాగసాకి గురించి ప్రపంచమంతా మాట్లాడింది. టోక్యో మంటల గురించి టోక్యోవాళ్లే పెద్దగా మాట్లాడలేదు. ఆ మౌనాన్ని బద్దలు కొట్టినవారిలో ముందు చెప్పుకోవలసింది సవోతొమె కత్సుమొతో అనే రచయిత. దాడినాటికి ఆయనకు 12 ఏళ్లు, మంటల్లోంచి బతికి బయటపడ్డాడు. 1970లో ఆయన, మరికొందరు కలిసి టోక్యో వైమానిక దాడులను నమోదు చేసే సంఘం పెట్టారు. నాటి గవర్నరు మినోబే ర్యోకిచి నగరపాలక సంస్థ తరఫున సాయం చేశాడు. 1973, 74లలో బాధితుల కథనాలు, పత్రాలు ఐదు పెద్ద సంపుటాలుగా వచ్చాయి. ఇప్పటికీ ఆ రాత్రి గురించి రాసే ఎవరైనా ముందు తెరిచేది వాటినే.

ఆగిన మ్యూజియం, వచ్చిన పూలదిబ్బ

1990లో మార్చి 10ని టోక్యో శాంతి దినంగా ప్రకటించారు. ఆ ఊపులోనే యోకోఅమిచో పార్కులో శాంతి మ్యూజియం కట్టాలని నగర ప్రభుత్వం నిర్ణయించింది. 300 మందికి పైగా బాధితుల మాటలను వీడియోల్లో రికార్డు చేసింది. గొడవ ప్రదర్శనల దగ్గర మొదలైంది. బాంబులు పడిన రాత్రిని మాత్రమే చూపించాలా, ఆ బాంబులు పడేదాకా తెచ్చిన యుద్ధాన్ని కూడా చూపించాలా? 1938 నుంచి 1943 దాకా చైనాలోని చుంకింగ్ నగరం మీద పౌరులని చూడకుండా బాంబులు వేసింది జపాను విమానాలే. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినవీ అవే. ఇవన్నీ పెడితే మృతుల్ని దోషులుగా చూపినట్టవుతుందని సంప్రదాయవాద సభ్యులు అడ్డుపడ్డారు. ఇవి లేకుండా పెడితే చరిత్ర కాదని మరో పక్షం అన్నది. ఖర్చు కూడా భారమైంది. 1999లో మ్యూజియం ఆలోచనను పక్కన పెట్టారు. ఆ వీడియోలు దాదాపు పాతికేళ్లు గోదాములోనే ఉండిపోయాయి. ఈమధ్యే వాటిలో కొన్నింటిని జనానికి చూపించడం మొదలుపెట్టారు.

మ్యూజియం బదులు 2001లో పార్కులో ఒక చిన్న స్మారకం వచ్చింది. శిల్పి త్సుచియా కిమియో రూపకల్పన. అర్ధచంద్రాకారంలో వాలుగా లేచిన దిబ్బ, దాని మీదంతా పూలమొక్కలు. ముందు తలుపు తెరిస్తే లోపల చిన్న రాతిగది, అందులో దాడుల్లో పోయినవారి పేర్లు రాసిన పుస్తకాలు. ఇప్పటికి 80 వేలకు పైగా పేర్లు చేరాయి. బంధువులు దరఖాస్తు పెడితే ఇప్పటికీ కొత్త పేరు ఎక్కిస్తారు. టోక్యో దాడుల్లో పోయినవారి కోసమే నగర ప్రభుత్వం పార్కులో కట్టినదంటూ ఉంటే ఇదే. మామూలు రోజుల్లో తలుపు మూసే ఉంటుంది. పేర్లు గోడ మీద చెక్కి ఉండవు, అందరూ చదివే వీలు లేదు. కుటుంబాల ఆంతరంగికతను కాపాడటానికే అంటారు. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ మృతుల పేర్లు నల్లరాయి మీద చెక్కి వేళ్లతో తడిమేలా పెట్టారు. ఇక్కడ పూలదిబ్బ లోపల పుస్తకాల్లో దాచారు. చూసినవాళ్లకు రెండో పద్ధతి కాస్త భయస్తుల పద్ధతిలా అనిపిస్తే తప్పుపట్టలేం.

ప్రభుత్వం చేయని పనిని పౌరులే తలకెత్తుకున్నారు. సవోతొమె, ఆయన మిత్రులు విరాళాలు పోగుచేసి 2002 మార్చిలో కోతో వార్డు కితాసునాలో టోక్యో దాడులు, యుద్ధ నష్టాల కేంద్రం తెరిచారు. స్థలం ఒకరు దానం ఇచ్చారు. మామూలు ఇళ్ల మధ్య ఉండే చిన్న భవనం. లోపల నిజమైన ఎం-69 బాంబు గొట్టం, కరిగిన గాజుసీసాలు, దూది కుళ్లాయిలు, బాధితులు గీసిన బొమ్మలు. సవోతొమె చాలా ఏళ్లు దానికి సంచాలకుడిగా ఉండి 2022లో చనిపోయాడు.

కోర్టులో ఓడిన కేసు

యుద్ధం తర్వాత 1952లో చేసిన చట్టంతో సైనికులకు, వాళ్ల కుటుంబాలకు పింఛన్లు, పరిహారాలు మొదలయ్యాయి. ఇప్పటివరకు వాటి మొత్తం 60 లక్షల కోట్ల యెన్ల దాకా తేలింది. అణుబాంబు బాధితులకు విడిగా వైద్యసాయం, భత్యాలు వచ్చాయి. నిప్పుబాంబుల్లో చెయ్యి కోల్పోయిన అమ్మాయికి, తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని వీధుల్లో బూట్లు తుడుస్తూ పెరిగిన అబ్బాయికి ఏమీ రాలేదు. నగోయా బాధితుల కేసులో 1987లో సుప్రీంకోర్టు, యుద్ధనష్టం జాతి అంతా సమానంగా ఓర్చుకోవలసినదే అని తీర్పు చెప్పింది. 2007లో టోక్యో బాధితులు 112 మంది ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని, ఒక్కొక్కరికి కోటీ పదిలక్షల యెన్లు ఇవ్వాలని దావా వేశారు. 2009లో జిల్లా కోర్టు, 2012లో హైకోర్టు కొట్టేశాయి. 2013లో సుప్రీంకోర్టు అప్పీలు తీసుకోలేదు. చట్టం చేయడం పార్లమెంటు పని అన్నాయి కోర్టులు. పార్లమెంటులో బిల్లు ముసాయిదాలు తయారయ్యాయి, చట్టం కాలేదు.

ఈ కేసుకూ స్మారకానికీ సంబంధం లేదనుకోవచ్చు, కానీ రెండింటి వెనకా ఉన్నది ఒకే లెక్క. సైనికుడు దేశం కోసం పోయాడు, అతడికి పింఛను ఉంది, సైనిక మృతులను కొలిచే యాసుకుని గుడి ఉంది. వీధిలో మాడిపోయిన పౌరుణ్ణి భూకంపంలో పోయినవాడితో కలిపి లెక్కగట్టారు. భూకంపం మీద ఎవరూ దావా వేయరు.

పార్కులో మిగతా గుర్తులు

పార్కులో ఒక్కో మూలకు ఒక్కో కథ ఉంది. ద్వారం దగ్గర గోపురంలో వేలాడే పెద్ద గంటను భూకంపం తర్వాత చైనా బౌద్ధులు ఓదార్పుగా పంపారు. కొద్ది ఏళ్లకే ఆ దేశం మీదికి జపాన్ సైన్యం దండెత్తింది. గంట మాత్రం ఉన్నచోటే ఉంది. భూకంపంలో పోయిన బడిపిల్లల కోసం 1931లో పెట్టిన కంచు విగ్రహాలకు ఆ అదృష్టం లేదు. యుద్ధానికి లోహం కావాలని వాటిని తీసుకెళ్లి కరిగించారు. ఇప్పుడున్నవి 1961లో మళ్లీ పోతపోసినవి. పక్కనే ఉన్న దోయాయ్ ఆసుపత్రి భూకంప బాధితుల కోసం అమెరికా ప్రజలు పంపిన విరాళాలతో లేచింది. పదహారేళ్లకు ఆ చుట్టుపక్కలే అమెరికా బాంబులు పడ్డాయి. యుద్ధం ముగిశాక ఆక్రమణ సైన్యం దాన్ని పదేళ్లు తన చేతిలో పెట్టుకుంది.

1973లో పెట్టిన మరో రాయి కొరియన్లది. భూకంపం తర్వాత కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకార్లు నమ్మి జనం, సైనికులు, పోలీసులు వేలమందిని చంపారు. ఏటా సెప్టెంబరు 1న ఈ రాయి ముందు జరిగే సభకు గవర్నర్లు సంతాప సందేశం పంపడం ఆనవాయితీ. 2017 నుంచి గవర్నరు కొయికె యురికో పంపడం మానేశారు. భూకంప మృతులందరికీ మందిరంలో నివాళి అర్పిస్తున్నాం కదా అన్నది ఆమె వాదన. అందర్నీ ఒక్క ఫలకం కింద చేర్చే పద్ధతి ఇక్కడా పనికొచ్చింది.

1931లో తెరిచిన పునర్నిర్మాణ స్మారక మ్యూజియం కింది అంతస్తు భూకంపానిది, పైన దాడులకు కొంత చోటిచ్చారు. ఆరుబయట కరిగి ముద్దయిన మేకుల దిమ్మ, కాలిన యంత్రాల చట్రాలు ఉన్నాయి. ప్రవేశానికి డబ్బు కట్టక్కర్లేదు. ర్యోగోకు స్టేషనులో దిగితే పది నిమిషాల నడక. దారిలో సుమో కుస్తీల మైదానం వస్తుంది, టోర్నమెంటు రోజుల్లో జనం అక్కడే ఆగిపోతారు. పూలదిబ్బ లోపలి పేర్ల పుస్తకాలను చూడాలంటే మార్చి 10 లేదా సెప్టెంబరు 1 ఎంచుకుని వెళ్లడం మంచిది. ఆ రోజుల్లో తలుపు తీస్తారు.